ఆలేరు సభ్యురాలు



ఆరుట్ల కమలాదేవి గారి మీద ఉపన్యాసం తరిగొప్పులలో ఎందుకని పొద్దున బస్సు దిగగానే ఒకాయన నన్నడిగారు. ఆమె పుట్టింది ఆలేరు దగ్గర మంతపురిలో, మెట్టినిల్లు కొలనుపాక, మాకేం సంబంధమన్నారు. అడగాల్సిన మాటే. మనం ఇవాళ చెప్పుకునే జిల్లా హద్దులు 2016 అక్టోబరులో గీసినవి. కమలాదేవి గారు తిరిగిన రోజుల్లో మన జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనే ఉండేది. సికింద్రాబాద్ వైపు రైలెక్కితే జనగామ, పెంబర్తి, దాటితే ఆలేరు. గడీల పెత్తనానికీ హద్దురాళ్లు లేవు, దాన్ని ఎదిరించిన సంఘానికీ లేవు. కడవెండిలో తుపాకి పేలితే కొలనుపాకలో నిద్ర పట్టని కాలమది.

1920లో పుట్టిన ఆ పిల్లకు పెద్దలు పెట్టిన పేరు రుక్మిణి. చిన్నతనంలోనే పెళ్లయింది. పెళ్లికొడుకు ఆరుట్ల రామచంద్రారెడ్డి. జాతీయోద్యమం గాలి సోకిన ఆ యువకుడు ఆమె పేరు మార్చి కమలాదేవి అన్నాడు, కమలాదేవి చటోపాధ్యాయ మీది అభిమానంతో. పెళ్లయ్యాక పిల్ల పేరు మార్చడం మన ఇళ్లలో కొత్త కాదు, సాధారణంగా అత్తవారి ఇలవేల్పు పేరు పెడతారు. ఇక్కడ పెట్టింది ఎన్నికల్లో పోటీ చేసిన స్త్రీ పేరు. చటోపాధ్యాయ 1926లో మద్రాసు శాసనమండలికి నిలబడి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆమె పేరు పెట్టుకున్న మన పిల్ల 1952లో నిలబడి గెలిచింది. పేరు పెట్టిన నాడు ఇదెవరూ అనుకుని ఉండరు.

నడుమ ఇరవై ఏళ్ల కథ ఉంది. అందులో మొదటిది చదువు. కోడలిని హైదరాబాదు పంపి చదివించడమంటే ఆ రోజుల్లో ఊరి నోట్లో పడడమే. ఆమె చేరింది నారాయణగూడలోని ఆంధ్ర బాలికల పాఠశాలలో. మాడపాటి హనుమంతరావు గారి పూనికతో 1928లో మొదలైన బడి అది. నిజాం రాజ్యంలో సర్కారు చదువంతా ఉర్దూలో సాగుతుంటే, ఆడపిల్లలకు తెలుగులో పాఠాలు చెప్పిన చోటు. ఉస్మానియా గుర్తింపు లేక, పుణెలో కర్వే గారు పెట్టిన మహిళా విశ్వవిద్యాలయం తరఫున పరీక్షలు రాయించేవారు. తెలుగు పిల్లలు తెలుగులో పరీక్ష రాయడానికి మరాఠీ దేశం నుంచి అనుమతి తెచ్చుకోవలసి వచ్చిందంటే, ఆ రాజ్యం ఎట్లాంటిదో పిల్లలకు వేరే పాఠం అక్కర్లేదు.

రెండోది నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ, ఆంధ్ర మహాసభ. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి సభ జరిగినప్పుడే పక్కన మహిళా సభ కూడా జరిగింది, నడింపల్లి సుందరమ్మ గారు అధ్యక్షురాలు. అంటే ఆడవాళ్లకు వేదిక మొదటి నుంచీ ఉంది. అయితే ఆ వేదిక ఎక్కినవారిలో చదువుకున్న ఇళ్లవారే ఎక్కువ. 1944లో భువనగిరి సభతో గాలి తిరిగింది. నాయకత్వం రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి వంటి కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. సభ్యత్వ రుసుము రూపాయి నుంచి అణాకు దిగింది. అణా ఇచ్చి చీటీ తీసుకుంటే ఎవరైనా సభ్యులే. ఊళ్లలో దాన్ని చిట్టీల సంఘమన్నారు, తర్వాత గుతపల, అంటే కర్రల, సంఘమన్నారు. మహాసభ ప్రసంగాల కంటే ఆ అణా చీటీయే ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం. బాంచన్ దొరా అనడం తప్ప మరో మాట రాని మనిషి, తన పేరు రాసిన కాగితాన్ని కొంగున ముడేసుకున్నది అప్పుడే. కమలాదేవి గారి రాజకీయం ఈ చీటీల రోజుల్లో పెరిగింది.

మన జిల్లాలో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకున్న నాలుగెకరాల పంట మీద విసునూరు దేశ్‌ముఖ్ కన్ను పడింది. సంఘం వాళ్లు కోసి, మోసి ఆ ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికే చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో ఆ దేశ్‌ముఖ్ మనుషుల తుపాకికి సంఘం మనిషి దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. ఆ తర్వాతిది అయిదేళ్ల యుద్ధం. కమలాదేవి గారు భర్తతో పాటు ఉద్యమంలో ఉన్నారు, అజ్ఞాతంలోకి వెళ్లారు, దళంలో పనిచేశారు, జైలు కూడా చూశారు. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాడు. పోరాటం మాత్రం ఆగలేదు, 1951 అక్టోబరులో విరమించేదాకా నడిచింది.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కింద నేను కమలాదేవి గారి మీద ఒక వ్యాసం రాశాను. దళం గురించి, తుపాకి గురించి పేజీలకు పేజీలు నింపాను. చివర్న ఒక్క వాక్యం: తర్వాత మూడుసార్లు ఎమ్మెల్యేగా ఎన్నికయ్యారు. మొన్న ఈ సభ కోసం దాన్ని మళ్లీ తీసి చదువుకుంటే సిగ్గేసింది. అజ్ఞాతవాసం నాలుగైదేళ్లు. శాసనసభ్యత్వం పదిహేనేళ్లు. పదిహేనేళ్ల పనికి పదం పదం ఏరుకుని నేను ఇచ్చింది నాలుగు మాటలు! మగ నాయకుడైతే అట్లా రాసేవాణ్ణా? రాయను. ఏ కమిటీ, ఏ ప్రశ్న, ఏ రోడ్డు అని వెతికేవాణ్ణి. తుపాకి పట్టిన ఆడమనిషి బొమ్మ మనకు ముచ్చటగా ఉంటుంది. ఫైలు పట్టుకుని మంత్రిని నిలదీసిన ఆడమనిషి బొమ్మ ఎవరూ గీయలేదు.

అందుకని మిగిలిన సమయం ఆ పదిహేనేళ్ల మీదే పెడతాను.

1952 మొదటి సాధారణ ఎన్నికల నాటికి హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది. అందుకే ప్రజాస్వామ్య ఫ్రంటు, పీడీఎఫ్, పేరుతో నిలబడ్డారు. అడవుల్లోంచి, జైళ్లలోంచి వచ్చిన మనుషులు. చేతిలో డబ్బు లేదు. అయినా 175 స్థానాల సభలో 42 గెలిచారు. నల్లగొండ నుంచి పార్లమెంటుకు రావి నారాయణరెడ్డి గారికి పడ్డ ఓట్లు నెహ్రూ గారికి పడ్డవాటిని మించాయి. ఆలేరులో కమలాదేవి గారు గెలిచారు.

ఆ సభలో ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే. బాన్సువాడ నుంచి సంగెం లక్ష్మీబాయి గారు, షాలిబండ నుంచి మాసుమా బేగం గారు కాంగ్రెసు వైపు. లక్ష్మీబాయి గారు విద్యాశాఖలో ఉపమంత్రి అయ్యారు, మాసుమా బేగం గారు తర్వాత సంజీవయ్య గారి మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. కమలాదేవి గారికి అట్లాంటి అవకాశం రాలేదు, రాదు కూడా, ఆమె కూర్చున్నది ఎదుటి బల్లల మీద. పబ్లిక్ గార్డెన్స్ పక్కన నిజాం కాలంలో కట్టిన ఆ టౌన్‌హాలు భవనంలోకి, ఆ నిజాం ప్రభుత్వం వేటాడిన మనిషి సభ్యురాలిగా నడిచి వెళ్లింది. ఉర్దూ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు కలగలిసి వినబడే ఆ హాల్లో తెలుగు పల్లె బాధ చెప్పడానికి.

ఆ సభ ముందుకు వచ్చిన పెద్ద సంగతి భూమి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, రక్షిత కౌలుదారు అనే మాట మన రికార్డుల్లోకి వచ్చింది. 1954లో దానికి సవరణ వచ్చి 38-ఇ సెక్షన్ చేరింది. ఈ అంకె చెప్పగానే వెనక వరుసలో ఇద్దరు ముగ్గురు తల ఎత్తారు, చూశాను. మీలో కొందరి ఇళ్లలో ఆ కాగితం ఇప్పటికీ ఉంటుంది. దున్నుకుంటున్న కౌలుదారుకే పట్టా హక్కు ఇచ్చే సర్టిఫికెట్ అది. కాగితం ఒకచోట, పహాణీలో పేరు ఇంకోచోట, కోర్టుల చుట్టూ తిరిగిన కథలు మీకే ఎక్కువ తెలుసు. ఆ సవరణ అంతా ఆమె ఘనత అని నేననను, అంటే అబద్ధమవుతుంది. పాలకవర్గం చేసిన చట్టమది. కాని చేయక తప్పని పరిస్థితి తెచ్చింది ఐలమ్మలు, కొమురయ్యలు. ఆ పరిస్థితిని సభలో కూర్చుని గుర్తుచేస్తూ ఉండే మనుషులు కూడా కావాలి. ఆ కుర్చీల్లో ఒకటి ఆలేరుది.

1957లో మళ్లీ గెలిచారు. అప్పటికి రాష్ట్రం మారింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, సభ పెద్దదయింది. 1962లో సీపీఐ అభ్యర్థిగా మూడోసారి. ఆ ఏడే రామచంద్రారెడ్డి గారు భువనగిరి నుంచి గెలిచారు. భార్యాభర్తలు ఒకే సభలో, ఎవరి నియోజకవర్గం వారిది. ఎవరి ఓట్లు వారివి. ఇంత స్పష్టంగా ఉన్నా మన రాతల్లో ఆమె ‘రామచంద్రారెడ్డి గారి సతీమణి’గానే కనబడతారు. పేరు మార్చి చదివించి ముందుకు నడిపిన భర్తను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆయనే ఉంటే ముందుగా ఆయనే అభ్యంతరం చెప్పేవారనుకుంటాను.

ఇవాళ పంచాయతీల్లో సగం స్థానాలు ఆడవాళ్లవి. 2023లో చట్టసభల్లో మూడోవంతు కోసం రాజ్యాంగ సవరణ కూడా అయింది, అమలు కావాలి. ఇక్కడ కూర్చున్న వార్డు మెంబర్లలో ఎంతమంది గ్రామసభలో తమ కుర్చీలో తామే కూర్చుంటున్నారో, ఎన్ని కుర్చీల్లో భర్తలు కూర్చుంటున్నారో నేనడగను. నవ్వుతున్నారు కాబట్టి జవాబు దొరికింది.

ఐలమ్మ పేరు 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు. సంతోషం. ఏ పదవీ లేని ఆ తల్లికి ఆ గౌరవం దక్కాల్సిందే. కమలాదేవి గారు 2001 జనవరి 1న కన్నుమూశారు. ఆమె విగ్రహం గురించి, పేరు గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు చేయాల్సింది చిన్న పని. శాసనసభ చర్చలు సంపుటాలుగా అచ్చయి ఉన్నాయి. 1952 నుంచి 1967 దాకా ఆలేరు సభ్యురాలు లేచి మాట్లాడిన ప్రతి పేజీని ఎవరైనా కూర్చుని నకలు రాయాలి. డిగ్రీ చదివే పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఇద్దరు ముందుకొస్తే హైదరాబాదుకు రానూపోనూ ఖర్చు నాది. సభ అయ్యాక వచ్చి పేర్లివ్వండి.