అడగడం నేర్పుదాం



మేము సాయంకాలం పూట కామర్స్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాము. జమాఖర్చులు చకచకా రాసే పిల్లలు కూడా, రావలసిన బాకీ అడగమంటే తల దించుకుంటారు. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. ఎక్కడ తప్పు దొర్లుతుందోనని నోరు విప్పరు. కొందరేమో భయం కప్పిపుచ్చుకోవడానికి కేకలేస్తారు. రెండూ వ్యాపారానికి నష్టమే.

అమెరికాలో ఆల్బెర్టి, ఎమ్మన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1970లో ఈ విషయం మీద ఒక పుస్తకం రాశారు. ఎదుటివారి హక్కును కాదనకుండా మన హక్కును చెప్పుకోవడమే దాని సారం. మన పెద్దలు దాన్నే రెండు సామెతల్లో చెప్పారు. అడగనిదే అమ్మైనా పెట్టదు. నోరు మంచిదైతే ఊరు మంచిది. మొదటిది ధైర్యం, రెండోది మర్యాద. ఒకటి లేకుండా రెండోది చాలదు.

ఇది ఉపన్యాసాలతో వచ్చే విద్య కాదు. తరగతిలో ఒకరిని షావుకారుగా, ఒకరిని బాకీ అడిగేవారుగా నిలబెడతాము. మూడే మాటలు చెప్పమంటాము: జరిగింది ఏమిటి, దానివల్ల మన ఇబ్బంది ఏమిటి, మనకు కావలసింది ఏమిటి. "రేపు రా" అంటే, గొంతు పెంచకుండా అదే మాట మళ్లీ చెప్పాలి.

ఒక విద్యార్థిని తల్లి కుట్టుపని చేస్తుంది. ఒక దుకాణంవారు మూడు నెలలుగా డబ్బివ్వక తిప్పుతున్నారు. ఆ అమ్మాయి వారం రోజులు మా దగ్గర అభ్యాసం చేసి, తల్లిని వెంటబెట్టుకుని వెళ్లింది. "సేఠ్ గారూ, సరుకు ఇచ్చి మూడు నెలలైంది. గుడ్డ తెచ్చినచోట మాకు అప్పు పెరుగుతోంది. ఈ రోజు సగం, నెలాఖరుకు మిగతాది ఇప్పించండి" అంది. సగం అప్పుడే చేతికొచ్చింది. మిగతాదానికి తేదీ రాయించుకుని వచ్చింది.

చట్టం కూడా మనవైపే ఉంది. రిజిస్టరైన చిన్న ఉత్పత్తిదారులకు సరుకు పుచ్చుకున్నవారు 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. కాని అడిగే నోరు లేకపోతే చట్టం కాగితం మీదే ఉంటుంది.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఎదురు చెప్పడం వేరు, ఉన్నమాట చెప్పడం వేరు. పిల్లలను అడిగితే వారి బదులు మీరు జవాబు చెప్పకండి. ఆ తప్పు మొదట్లో మేమూ చేశాము. బ్యాంకుకు వెళ్లినప్పుడు అమ్మాయినే మాట్లాడనివ్వండి. తడబడనివ్వండి. ఇవాళ ఇంటివాళ్ల ముందు తడబడితేనే రేపు బజారులో నిలబడతారు.