పంటి నొప్పి – మన బాధ్యత

(ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



మన పాఠశాల 75 వసంతాలు పూర్తిచేసుకొన్న ఈ శుభవేళ, నావల్ల జరిగిన ఒక పొరపాటును మీ ముందుంచదలచాను.

కొన్నేండ్ల క్రితం ఏడవ తరగతి బాలిక ఒకతె పద్యం అప్పజెప్పమంటే నోరు విప్పలేదు. చదువలేదని తలచి మందలించాను. మధ్యాహ్నం ఆమె అన్నం ముట్టకపోవడం చూచి దగ్గరకు పిలిచాను. దవడపన్ను పుచ్చి, చెంప వాచి ఉన్నది. పది దినాలుగా లవంగం అదిమిపెట్టుకొని బడికి వస్తున్నదట! తల్లిని పిలిపించి, పన్ను నిలిచే వైద్యం చేయించమన్నాను. "మూడు నాలుగు మార్లు రావాలంటారమ్మా. అన్ని దినాల కూలి పోతే ఇల్లు జరిగేదెట్లా? పీకించేస్తే ఒక దినంతో అయిపోతుంది" అన్నది. నా వద్ద సమాధానం లేకపోయింది. పన్ను పీకించారు.

మన జిల్లాలోనే, కె.జి.ఎఫ్.లో, దంతవైద్య కళాశాల ఉన్నది. అయినను బైరకూరులోని కూలి కుటుంబానికి వైద్యుని రుసుముతోబాటు బస్సు చార్జీ, పోయిన కూలి కూడ భారమే. అందుచేత నొప్పి భరించరానిదయ్యేవరకు ఎవరూ కదలరు. పుచ్చు చిన్న నల్లచుక్కగా ఉన్నప్పుడు సాధారణంగా ఒక్కమారు వెళ్ళి పూడ్పించుకొంటే చాలు. అది లోపలి నరం దాకా చేరినచో ఖర్చు అనేక రెట్లు పెరుగుతుంది.

మరొక అపోహ కలదు. సుమారు ఆరవ ఏట పాలపళ్ళ వెనుక మొలిచే దవడపన్ను పాలపన్ను కాదు. ఊడితే మరల రాదు. ఇది తెలియక "ఎట్లాగూ ఊడేదే కదా" అని తల్లిదండ్రులు ఉపేక్షిస్తారు.

కోలారు జిల్లాలో పెక్కుచోట్ల బోరుబావుల నీటిలో ఫ్లోరైడు అధికం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని పసితనం నుండి త్రాగిన బిడ్డల పళ్ళపై గోధుమరంగు చారలు ఏర్పడవచ్చును. అది శుభ్రత లోపం కాదు. పరిహసిస్తే బిడ్డ నోరు మూసుకొంటుంది. లోపలి పుచ్చు ఎవరి కంటా పడదు.

2014లో కర్ణాటక ప్రభుత్వం 'దంతభాగ్య' పథకంతో పేద వృద్ధులకు ఉచితంగా కట్టుడు పళ్ళు సమకూర్చ పూనుకొన్నది. ప్రశంసనీయమే. అయితే పుట్టుపన్నును కాపాడుకొనే పని బాల్యంలోనే జరుగవలె. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద బడిబిడ్డలకు జరిపే పరీక్షలలో దంతవ్యాధులూ చేరియున్నవి. కాని పుచ్చు ఉన్నదని చీటీ వ్రాసి ఇచ్చిన తరువాత ఆ బిడ్డను ఆసుపత్రికి తోడ్కొనిపోయేదెవరు?

అందుకే మూడు విన్నపాలు. తల్లిదండ్రులారా, నెలకొకమారు వెలుతురులో బిడ్డ నోరు తెరిపించి వెనుక పళ్ళు చూడండి; రాత్రి భోజనానంతరం పళ్ళు తోమించండి. సహోపాధ్యాయులారా, పాఠం అప్పజెప్పని బిడ్డను మందలించుటకు ముందు కారణమడుగుదాం. వైద్యం అవసరమైన బిడ్డల పట్టిక ఉంచి, అది పూర్తయ్యేదాకా విచారిద్దాం. పూర్వ విద్యార్థులారా, ఈ జూబ్లీ నిధిలో కొంతభాగం బిడ్డల బస్సు చార్జీకి, వెంట వెళ్ళే తల్లి ఆనాటి కూలికి కేటాయించండి.

ఆనాడు ఆ తల్లికి చెప్పలేకపోయిన సమాధానం మనమందరం కలసి చెప్పగలమని ఆశిస్తూ, సెలవు తీసుకొంటున్నాను.