జపాను సైనికాధికారి ఖడ్గము

పాత ఖడ్గమొకటి చేతికి వచ్చినపుడు దాని వయస్సెంత, దానిని ధరించినవారెవరు అను ప్రశ్నలు సహజముగా కలుగును. జపాను సైనికాధికారుల ఖడ్గముల విషయమున ఈ ప్రశ్నలు మరింత చిక్కైనవి. ఏలయన, పైనున్న పిడి, ఒర ఒక కాలమునకును, లోని అలుగు వేరొక కాలమునకును చెందియుండవచ్చును. కావున ఆ రెంటిని విడివిడిగా పరీక్షింపవలెనని మా మనవి.

ముందుగా పైవేషమును చూతము. 1876లో జపాను ప్రభుత్వము బహిరంగముగా ఖడ్గధారణమును నిషేధించి, సైనికాధికారులు, పోలీసులు మొదలగువారికి మాత్రమే ఆ హక్కును మిగిల్చినది. అటుపిమ్మట అధికారుల ఖడ్గములు ఐరోపా పద్ధతి ననుసరించినవి. వానికి పిడికిలిని కాపాడు వంపుకమ్మి యుండును. 1934లో సైన్యము మరల ప్రాచీన సంప్రదాయమును చేపట్టినది. పిడిపై గరుకైన చేపచర్మము, దానిమీద పట్టుదారపు అల్లిక, లోహభాగములపై చెర్రీపూల నగిషీ ఈ కొత్త ఖడ్గమునకు గుర్తులు. పిడికి వ్రేలాడు కుచ్చు ధరించినవాని హోదాను తెలుపును: నీలము గోధుమవన్నె కలిసినది చిన్న అధికారులకు, ఎరుపు గోధుమవన్నె కలిసినది మేజరు మొదలు కర్నలు వరకు గలవారికి చెల్లెడిది. అయితే కుచ్చును మార్చుట సులభము గనుక దానినొక్కదానినే నమ్మరాదు.

పిడిపైనున్న అల్లిక నిజమైన దారము కాక పోతపోసిన లోహమైనచో, అలుగుపై అంకెలు చెక్కియున్నచో, అది అధికారిది కాదు. 1935లో హవల్దారు తరగతివారికై యంత్రశాలలలో చేయబడినది.

ఇక అసాధారణమైన ఖడ్గములు కలవు. తాతముత్తాతలనాటి అలుగునకు సైనికవేషము తొడిగి యుద్ధమునకు కొనిపోయిన అధికారులు అనేకులు. పైకి అవి తక్కినవానివలెనే కన్పట్టును. పిడిలోని చిన్న వెదురుచీలను నెమ్మదిగా వెలికి త్రోసి, పిడిని ఊడదీసినపుడు అలుగు తోకభాగము బయటపడును. కమ్మరి పేరు, తేదీ, ఆకురాయి గీతలు, చీలకై చేసిన రంధ్రములు అచటనే యుండును. రంధ్రములు ఒకటికంటె ఎక్కువగా నున్నచో, ఆ అలుగు ఒకప్పుడు మరి పొడవైనదై, తరువాత కురుచ చేయబడియుండవచ్చును. వృత్తములో ముద్రవేసిన ఒక్క అక్షరమున్నచో, అది సాధారణముగా 1930, 1940 దశకముల కర్మాగారపు పని.

ఇచట ఒక హెచ్చరిక. ఆ తోకపైనున్న నల్లని త్రుప్పు మురికి కాదు. అది శతాబ్దముల సాక్ష్యము. ఇసుకకాగితముతోనో, పులుసుతోనో దానిని తోమినవాడు ఖడ్గము వయస్సు చెప్పు సాక్షిని నోరుమూయించినవాడగును. పోయిన ఆ త్రుప్పు మరల రాదు.

1945 నవంబరు 30వ తేదీన సైగాను నగరమున ఫీల్డుమార్షల్ తెరౌచి తన ఖడ్గములు రెంటిని మౌంట్‌బాటెన్ ప్రభువునకు అప్పగించెను. ఆ దినములలో ఆగ్నేయాసియా అంతటను వేలాది ఖడ్గములు ఇట్లే చేతులు మారి, దూరదేశముల పెట్టెలలోనికి చేరినవి. వానిలో కొన్ని ఏ కుటుంబపు నిధులో తెలుపు ఆధారము కొన్ని చోట్ల పిడిచివర పొదిగిన వంశచిహ్నము, మరికొన్ని చోట్ల తోకపైని లిపి. అందుచేత అట్టి ఖడ్గము దొరికినవారు తోముటకు ముందు, అమ్ముటకు ముందు, ఆ గుర్తులకు ఛాయాచిత్రములు తీయించి నిపుణులకు చూపుట మేలు. ఆయుధముగా దాని పని ముగిసినది. చరిత్రకు సాక్షిగా దాని పని ఇంకను మిగిలియున్నది.