కొమ్మముక్కలు వేరూనుటకు తగిన మట్టి: యాదగిరిగుట్ట ప్రాంతపు రైతులకు చేసిన ఉపన్యాసము



గుట్టమీది శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి సన్నిధికి నిత్యము పూలును పండ్లును కావలెను. ఈ చుట్టుపట్ల చెల్కనేలలలో మల్లె, దానిమ్మ వేయదలచినవారు మొక్కలను దూరమునుండి కొనితెచ్చుటకు మారుగా కొమ్మముక్కలనుండి తామే పెంచుకొనవచ్చును. (బత్తాయికి ఈ పద్ధతి తగదు. దానిని రంగపూరు నిమ్మపై మొగ్గ అంటు కట్టవలసినదే.) దానిమ్మను 15 అడుగుల వరుసలలో 10 అడుగుల దూరమున నాటినచో ఎకరమునకు 290 మొక్కలు పట్టును. వానిలో సగము చచ్చినయెడల ఆ రైతునకు ఒక యేడు వెనుకబాటు కలుగును.

ముక్కలను దేనిలో నాటవలెనని అడిగిన, ఒకరు ఇసుక యందురు, మరియొకరు పేడయెరువు యందురు. వేరులేని కొమ్మ ఎరువును గ్రహింపజాలదు. పైగా సగము చివికిన పేడ తగిలి కోసిన గాయము కుళ్ళును. దానికి మొదట కావలసినది ఆరని తడియు, గాయమునకు గాలియు, కదలని పట్టును మాత్రమే. ఉత్త చెల్కమట్టి తడిసినపుడు అణగి గాలిని మూసివేయును, ఆరినపుడు బిగిసి పైన చెక్కుకట్టును. వాగు ఇసుకలో గాలి పుష్కలముగా నుండును గాని తడి నిలువదు. కొబ్బరి పీచుపొట్టు తడిని చక్కగా పట్టును. అయితే దానిలో ఉప్పు ఉండుటచేత మూడు నాలుగు మారులు మంచినీట కడిగి వాడవలెను. బియ్యపు మిల్లుల బూడిదలో క్షారము అధికము గనుక దానిని విడుచుటయే మేలు.

ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ ఉద్యాన పరిశోధనాలయమున 1930 తరువాతి సంవత్సరములలో లారెన్సు, న్యూవెల్ అను ఇరువురు, మొక్కమొక్కకు వేరువేరు మట్టి కలిపెడి పాత ఆచారమును పరీక్షించిరి. మిశ్రమములను ప్రక్కప్రక్కన నుంచి పోల్చి, మట్టిని వేడిచే శుద్ధిచేసి, విత్తులకు మట్టి 2 పాళ్లు, చిత్తడినేలల నాచుమట్టి 1 పాలు, ఇసుక 1 పాలు చాలునని తేల్చిరి. ఆ నాచుమట్టి మనకు దొరకదు. వారు పోల్చిన పద్ధతి మాత్రము మన దొడ్డిలోను సాధ్యమే.

అడుగున రంధ్రములుగల అయిదు కుండీలను తెండు. అన్నియు ఒకే లోతుగా నుండవలెను. ఏలననగా ఒకే మట్టి లోతులేని పాత్రలో ఎక్కువ తడిగా నిలుచును, అపుడు పోలిక చెడును. ఒకదానిలో చెల్కమట్టి, రెండవదానిలో కడిగిన ముతక ఇసుక, మూడవదానిలో ఈ రెండును సమపాళ్లు, నాల్గవదానిలో ఇసుకయు పీచుపొట్టును సమపాళ్లు, అయిదవదానిలో రెండు పాళ్ల ఇసుకకు బాగుగా చివికి జల్లించిన ఆకు ఎరువు ఒక పాలు నింపుడు. ఒకే చెట్టునుండి, ఒకేనాడు, ముదిరిన పెన్సిలంత లావు కొమ్మలను జానెడు ముక్కలుగా కోసి, కుండీకి ఇరువది చొప్పున నాటుడు. క్రింది కోత కణుపునకు దిగువను సమముగాను, పై కోత ఏటవాలుగాను ఉన్నచో తలక్రిందుగా నాటు ప్రమాదముండదు. వేరుమందు, అనగా 1935లో అమెరికాలో జిమ్మర్మన్, విల్కాక్సన్ అనువారు గుణము కనుగొనిన ఇండోల్ బ్యూటరిక్ ఆమ్లము, వాడదలచినచో అన్నిటికిని సమానముగా వాడుడు. కుండీలన్నియు ఒకే నీడనుండవలెను.

చిగురు చూచి సంతోషింపవలదు. దానిమ్మముక్క తనలో దాచుకొనిన ఆహారముతోనే ఆకులు వేయును. వేరులేక పిదప వాడును. నలువది అయిదు దినములకు మెల్లగా పెకలించి వేరు పుట్టినవానిని లెక్కించి, సంచులలోనికి మార్చి, మరి యొక నెలకు బ్రదికినవానిని మరల లెక్కింపవలెను. ఈ రెండవ లెక్కయే ముఖ్యము. ఉత్త ఇసుకలో పుట్టిన వేళ్లు పొడుగై, శాఖలు తక్కువై, మార్చునపుడు పుటుక్కున విరుగును. అందుచే మొదటి లెక్కలో ముందున్న ఇసుక రెండవదానిలో వెనుకబడవచ్చును. మీ బావినీరు, మీ చెల్క, మీ వాగు ఇసుక పొరుగూరివానివలె నుండవు గావున, ఏ కుండీ గెలుచునో మీ దొడ్డిలోనే తేలవలెను.

ఆకులపైనను కాయలపైనను నల్లమచ్చలుగల దానిమ్మచెట్టు కొమ్మను ఎట్టి మట్టిలోను నాటవలదు. ఆ బాక్టీరియా తెగులు ముక్కతోకూడ తోటలోనికి వచ్చును.