విశాఖపట్టణపు క్రికెట్టు మైదానము – అందులో మన వంతు

(పరాభవ నామ సంవత్సర ఉగాది సభలో చేసిన ప్రసంగము)



నేను పండితుడను కాను. మెట్రిక్ ప్యాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవాడను. "పిల్లలు కూడా కదలకుండా కూర్చొని వినే విషయమేదైనా చెప్పవయ్యా" అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. మన కోవిల్‌పట్టి హాకీకి పేరుపడిన ఊరు. విరుదునగరము వర్తకానికి పేరుపడిన ఊరు. అయినా సాయంత్రమైతే రెండు ఊళ్లలోను పిల్లలు క్రికెట్టు బ్యాటు పట్టుకొని కనబడుతూనే ఉంటారు. అందుచేత మన తెలుగుదేశములోని ఒక క్రికెట్టు మైదానము కథ చెప్పుతాను.

విశాఖపట్టణములో మొదట అంతర్జాతీయపు ఆటలు జరిగినది ఇందిరా ప్రియదర్శిని మైదానములో. 1988 డిసెంబరు 10న మనవారు న్యూజీలాండుతో అక్కడ ఆడినారు. 1996 ప్రపంచ కప్పులో ఆస్ట్రేలియా, కెన్యా జట్లు కూడా అక్కడ తలపడినవి. తరువాత ఊరికి ఉత్తరాన, మధురవాడ దగ్గర పోతినమల్లయ్యపాలెములో, కొండలు కనబడే చోట కొత్త మైదానము కట్టినారు. ఇరవైఏడు వేలమంది కూర్చొని చూడవచ్చును.

2005 ఏప్రిల్ 5న అక్కడ మొదటి అంతర్జాతీయ మ్యాచ్ పాకిస్తానుతో జరిగినది. అప్పటికి నాలుగే మ్యాచ్‌లు ఆడిన ధోనీని మూడవవాడుగా పంపినారు. అతడు 123 బంతులలో 148 పరుగులు కొట్టినాడు. మనవారు 356 చేసి, 58 పరుగులతో గెలిచినారు. ఆ ధోనీ అంతకు కొన్నేళ్ల ముందు ఖరగ్‌పూరు స్టేషనులో టికెట్లు తనిఖీ చేసిన ఉద్యోగి. ఆ మాట తలచుకొన్నప్పుడెల్లా మా రైల్వేవాళ్లకు ఛాతీ పొంగుతుంది.

2016 అక్టోబరు 29న మన ఆటగాళ్లు తమ తల్లుల పేర్లు వీపున వేసుకొని ఆడినారు. ఆనాడు న్యూజీలాండు 79 పరుగులకే కూలిపోయినది. 2018 అక్టోబరు 24న కోహ్లీ తన పదివేల పరుగులు అక్కడే పూర్తిచేసి 157తో నిలిచినాడు. అయినా వెస్టిండీసువారు కూడా మనవలెనే 321 చేసి ఆటను సమానము చేసినారు. టెస్టు ఆటలు మాత్రము 2016 నవంబరులో గాని అక్కడికి రాలేదు. ఇంగ్లాండుతో జరిగిన ఆ మొదటి టెస్టును మనవారు 246 పరుగులతో గెలిచినారు.

కష్టములు లేకపోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను విరగదీసినది. 14న జరగవలసిన మ్యాచ్ రద్దయినది. 2023 మార్చి 19న మనవారు 117కే పడిపోగా, ఆస్ట్రేలియావారు పదకొండు ఓవర్లలో వికెట్టు పోకుండా ముగించినారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ తెలుగు మైదానములో చాల ఘనకార్యములు చేసినవాడు మనమున్న ఈ తమిళనాటివాడు, అశ్విన్. 2016 ఫిబ్రవరిలో ఇరవై ఓవర్ల ఆటలో ఎనిమిది పరుగులిచ్చి శ్రీలంక వికెట్లు నాలుగు తీసినాడు. ఆ ఏటి మొదటి టెస్టులో ఒక ఇన్నింగ్సులో ఐదు, 2019లో దక్షిణాఫ్రికాపై ఒక ఇన్నింగ్సులో ఏడు. ఆ 2019 టెస్టులోనే 350వ వికెట్టు తీసి, 66 టెస్టులలో ఆ లెక్క చేరిన మురళీధరన్‌తో సమానుడైనాడు.

2024 ఫిబ్రవరిలో ఇంగ్లాండుతో టెస్టుకు పాసు వ్రాయించుకొని, తొమ్మిదేళ్ల నా కొడుకును తీసుకొని బయలుదేరినాను. ముత్తునగర్ ఎక్స్‌ప్రెస్‌లో ఎగ్మూరు, అక్కడినుండి హౌరా మెయిల్‌లో విశాఖ. తెల్లవారి దిగినాము. ప్లాట్‌ఫారము మీద ఊరి పేరు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో వ్రాసి ఉన్నది. వాడు ఇంగ్లీషు చదివి, తెలుగు అక్షరములను చూపి, "అప్పా, ఇదేమిటి?" అన్నాడు. రోజూ ఊళ్ల పేర్లు వ్రాసి పొట్టపోసుకొనే గుమాస్తాను నేను. నా కొడుకు మా సొంత జిల్లా ఊరి పేరును మా లిపిలో చదవలేకపోయినాడు. తప్పు వానిది కాదు, నాది. ఆ దినము అన్నము సయించలేదు.

ఫిబ్రవరి 4, ఆదివారము సాయంత్రము. ఇంగ్లాండువారికి 399 కావలెను. అశ్విన్ వేసిన బంతికి డకెట్ బ్యాటునుండి బంతి ముందుకు లేచినది. వికెట్ల వెనుకనుండి భరత్ ముందుకు దూకి పట్టినాడు. భరత్ విశాఖ కుర్రవాడు. మావాడు తమిళములో కేక పెట్టినాడు. పక్కన కూర్చొన్న పెద్దాయన, "ఏ ఊరు బాబూ?" అన్నారు. "కోవిల్‌పట్టి" అన్నాడు. ఆయన నవ్వి, "పట్టినవాడు మా ఊరివాడు, వేసినవాడు మీవాడు" అన్నారు. అప్పుడు వాడు నావైపు తిరిగి, "అప్పా, మనవాడు ఎవరు?" అని అడిగినాడు.

మరునాడు మనవారు 106 పరుగులతో గెలిచినారు. అశ్విన్ 499 వికెట్ల దగ్గర ఆగినాడు. తరువాతి టెస్టులో భరత్‌కు చోటు దక్కలేదు. ఆ డిసెంబరులో అశ్విన్ అంతర్జాతీయపు ఆట మానుకొన్నాడు. మావాని ప్రశ్నకు మాత్రము రైలులో దారిపొడుగునా జవాబు వెదకుకొన్నాను.

1932లో భారతదేశపు మొదటి టెస్టు జట్టుకు నాయకుడైన సి.కె. నాయుడు నాగపూరులో పుట్టిన తెలుగువాడు. మన పొరుగున ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట తెలుగు మాట్లాడి, తమిళములో వ్రాసి, 1991లో సాహిత్య అకాడెమీ బహుమానము పొందినారు. తమిళ కుటుంబములో పుట్టి హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ పేరును 2025 అక్టోబరులో విశాఖ మైదానపు స్టాండుకు పెట్టినారు. ఆడపిల్లలు ఇది గుర్తుంచుకోవలెను. కాబట్టి మావానికి, "ఇద్దరూ మనవాళ్లే. కాని ఇద్దరి పేర్లూ రెండు లిపులలోను వ్రాయగలిగితేనే ఆ మాట నిజమవుతుంది" అన్నాను. వాడు ఇప్పుడు స్కోరు తెలుగులో వ్రాస్తున్నాడు. ఒత్తులు తప్పుతున్నాడు, నేను దిద్దుతున్నాను.

సభవారికి నా విన్నపము ఒకటే. ఆదివారము సాయంత్రము ఒక గంట రెండు ఊళ్లలోను తెలుగు చదివించుదాము. పలకకు బదులు స్కోరు పుస్తకమైనా సరే. తరతరాలుగా ఈ కరిసల్ సీమలో ఉంటున్న తెలుగువారి పిల్లలనూ పిలుద్దాము. చెప్పుటకు నేను సిద్ధముగా ఉన్నాను.

ఈ ఏటి పేరు పరాభవ. పేరు విని జంకవలదు. 117కు కూలిన ఆ మైదానములోనే 2025 డిసెంబరు 6న మనవారు దక్షిణాఫ్రికాను తొమ్మిది వికెట్లతో గెలిచినారు.