పాత ఇల్లు, కొత్త కప్పు: మేస్త్రీతో ఒప్పందం



పాత ఇళ్ళు బాగుచేయించుకునేవారు మన వైపు సాధారణంగా సంక్రాంతి దాటగానే పని మొదలుపెడతారు. వానలు పడేలోగా కప్పు పడాలి కదా! అప్పటి హడావుడిలో ఒప్పందం గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఆ మాట కాస్త ముందుగా, తీరికగా చెప్పుకుందాం. నేను ప్రభుత్వ పనుల శాఖలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఓవర్సీరుగా పనిచేశాను. ఆ అనుభవం ఉందని నన్ను ఈ ప్రసంగానికి పిలిచారు. నిజానికి నాకున్న అసలు అర్హత వేరే ఉంది. సొంత ఇంటి పనిలో మేస్త్రీతో తగాదా పడ్డవాణ్ణి నేను. ఆ సంగతే ముందు చెబుతాను.

బళ్ళారి పాత పేటలో మా తాతగారి నాటి మట్టి మిద్దె ఉంది. దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన బండలు, చవుడు. ఏటా వానకు ముందు చవుడు వేయించాలి. వేసినా నాలుగు చోట్ల కారేది. 2017లో ముందు హాలు, పక్క గది కప్పు విప్పించి స్లాబు వేయిద్దామనుకున్నాం. రెండూ కలిపి నాలుగు చదరాలకు కాస్త తక్కువ. మాకు బాగా తెలిసిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. సరిహద్దు అవతల పల్లె. మా బంధువుల ఇళ్ళు రెండు కట్టినవాడు, మంచి పనివాడు. కప్పు విప్పడం, స్లాబు, గిలాబా, నేల బండలు, అంతటికీ చదరానికి ఇంత అని కూలి మాట్లాడుకున్నాం. సామాను మాది, మనుషులు వాళ్ళవాళ్ళు. తాంబూలం ఇచ్చాం. కాగితం రాయలేదు.

కప్పు విప్పాక అసలు సంగతి బయటపడింది. బయటికి సున్నంతో దరజులు తీర్చిన రాతి గోడే గాని, లోపలంతా మట్టి అడుసు. చెయ్యి పెడితే రాలుతోంది. దాని మీద స్లాబు కూర్చోదు. ఆరు చోట్ల గుంతలు తవ్వి పిల్లర్లు లేపాలి, పైన బీములు కట్టాలి. ఇది మాట్లాడుకున్న పని కాదు. “దీనికెంత మేస్త్రీ?” అని అడిగాను. “మీకు తెలియందేముంది సార్, తర్వాత చూసుకుందాంలే” అన్నాడు. సరేనన్నాను.

ఈ ‘తర్వాత చూసుకుందాం’ అనే మాట మనం ఉన్న ప్రతి చోటా ఉంది. కన్నడంలో ‘ఆమేలె నోడోణ’ అంటారు. హోసూరు వైపు తమిళంలో ‘అప్పుఱం పాత్తుక్కలాం’ అంటారు. బరంపురంలో ‘పరే దేఖిబా’, షోలాపూరులో ‘నంతర్ బఘూ’. ఏ భాషలో అన్నా ఖర్చు ఒకటే.

పని ముగిసే వేళకు మేస్త్రీ అదనపు పనికి 58,000 రూపాయలు అడిగాడు. నా లెక్కకు 35,000 దాటలేదు. తేడా అంతా గుంతల దగ్గర వచ్చింది. ఆయన అయిదడుగులు తవ్వామంటాడు. నాలుగే అని నేనంటాను. మా వీధిలో పైన నల్లమట్టి, దాని కింద మొరం. ఏ గుంతలో ఎంత దూరం దిగితే గట్టినేల తగిలిందో ఎవరూ రాసుకోలేదు. గుంతలు పూడిపోయాయి, పైన బండలు కూడా పరిచేశాం. ఇప్పుడు తవ్వి కొలవలేం కదా! మాటా మాటా పెరిగింది. మనుషులు పనిలోకి రావడం మానేశారు. హాల్లో సారువకర్రలు అలాగే నిలబడి ఉండగా మొదటి వాన వచ్చింది. గిలాబా కాని గోడ తడిసి, పెచ్చులు ఊడిపడ్డాయి.

శ్రోతలారా, నాకు సిగ్గనిపించింది మరొకందుకు. మా శాఖలో ఎం.బి. అని ఒక పుస్తకం ఉంటుంది, అంటే కొలతల పుస్తకం. ఏ పనైనా కొలిచి అందులో ఎక్కించాకే బిల్లు. ముఖ్యంగా పునాది గుంతలు, కాంక్రీటులో మునిగిపోయే కమ్మీలు, గోడలో పూడిపోయే గొట్టాలు, అంటే రేపు కంటికి కనపడని పనులన్నీ మూసేముందే కొలిచి రాయాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈ నియమం ఒక్క రోజు తప్పలేదు. నా సొంత ఇంటికి మాత్రం నలభై పేజీల నోటుబుక్కు కూడా కొనలేదు.

అందుకని మీకు నేను చెప్పేది ప్రధానంగా ఆ నోటుబుక్కు గురించే.

మొదటి పేజీలో పని ఏమిటో రాయండి. అంతకంటే ముఖ్యంగా, ఏది ఆ ధరలో చేరదో రాయండి. పాత కప్పు విప్పితే వచ్చే మట్టి, రాళ్ళు ఎత్తిపోసే బాధ్యత ఎవరిది? పాత దూలాలు, బండలు ఎవరికి? మంచి టేకు దూలానికి పాత కలప వ్యాపారి బాగానే ఇస్తాడు. దాని మీద కూడా తగాదాలు చూశాను. సారువ సామాను అద్దె ఎవరు కట్టాలి? స్లాబుకు నీళ్ళు కట్టేది ఎవరు? మీరనుకుంటారు మేస్త్రీ మనుషులని, మేస్త్రీ అనుకుంటాడు ఇంటివాళ్ళని. చివరికి మూడో రోజుకు స్లాబు ఎండి పగుళ్ళు తేలతాయి. ఇప్పుడు దొరికే కలిపిన రకం సిమెంటుకు, అంటే పి.పి.సి.కి, కనీసం పది రోజులు తడి ఆరకూడదు. బళ్ళారి, రాయచూరు ఎండల్లో ఇంకా ఎక్కువ రోజులు తడపడం మంచిది. కింద కర్రలు ఎప్పుడు తీయాలన్నది కూడా ముందే రాసుకోవాలి. అద్దె పెరుగుతుందని తొందరపడేవారుంటారు. మామూలు సిమెంటుతో వేస్తే, పదిహేనడుగుల లోపు వెడల్పు గదికి కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు కర్రలు ఉండాలి. పి.పి.సి. అయితే ఇంకా కొన్నాళ్ళు ఆగాలి.

రెండో పేజీలో ధరలు. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే సరిహద్దు జిల్లాల వాళ్ళకు కొలతల్లోనే ఒక చిక్కుంది. చదరం అంటే నూరు చదరపు అడుగులు. తెలుగువాడికీ, కన్నడిగుడికీ, తమిళుడికీ ఆ మాట కొంచెం అటూ ఇటూగా ఒకటే. ఇసుక దగ్గరికొచ్చేసరికి తమిళనాడులో యూనిట్ అంటారు, మహారాష్ట్రలో, ఉత్తర కర్ణాటకలో బ్రాస్ అంటారు. రెండూ నూరు ఘనపుటడుగులే. ట్రాక్టరు లోడు అన్నది మాత్రం కొలత కాదు. ట్రాలీని బట్టి మారుతుంది. లోడు లెక్కన కొనేవారు ట్రాలీ పొడవు, వెడల్పు, ఇసుక ఎత్తు టేపు పెట్టి కొలుచుకోండి.

చదరం లెక్కన కూలి మాట్లాడేటప్పుడు ఏది చదరంలోకి వస్తుందో తేల్చుకోవాలి. సజ్జలు, మెట్లు, పిట్టగోడ, నీళ్ళ తొట్టి, వీటిని కొందరు మేస్త్రీలు సగం లెక్కన కలుపుతారు, కొందరు పూర్తిగా కలుపుతారు, కొందరు విడిగా అడుగుతారు. ఏదైనా న్యాయమే, ముందే చెప్పుకుంటే. గిలాబాకు తలుపులు, కిటికీల ఖాళీ తీసేయాలా వద్దా అన్న తగువు మరీ పాతది. ప్రభుత్వ కొలతల పద్ధతి ఇలా ఉంటుంది: అర చదరపు మీటరు లోపు ఖాళీకి తగ్గింపు లేదు. అక్కడి నుంచి మూడు చదరపు మీటర్ల దాకా గోడకు ఒక వైపే తగ్గిస్తారు, రెండో వైపు తగ్గించరు. ఆ మిగిలిన వైపు కిటికీ అంచుల గిలాబాకు సరిపోతుందని లెక్క. మీ మేస్త్రీకి ఈ పద్ధతి చెప్పి చూడండి, చాలామంది ఒప్పుకుంటారు.

ఇదే పేజీలో, పని మొదలు కాకముందే, అదనపు పని ధరలు కూడా రాయించాలి. పాత ఇంట్లో గోడ వెనక ఏముందో ఇంటివాడికీ తెలియదు, మేస్త్రీకీ తెలియదు. అందుకని తవ్వకం ఘనపుటడుగుకు ఎంత, రాతి కట్టడానికి ఎంత, రోజు కూలి అయితే తాపీ మనిషికి ఎంత, చేతి మనిషికి ఎంత అని నాలుగు ధరలు రాసుకుంటే చాలు. ఏం బయటపడినా లెక్కకు ఒక ఆధారం ఉంటుంది. కొత్త ఇంటికి ఈ జాగ్రత్త లేకపోయినా నడుస్తుందేమో గాని, పాత ఇంటికి నడవదు.

మూడో పేజీ డబ్బుది. డబ్బు పని వెనక నడవాలి. మొదట అడ్వాన్సు పదోవంతు మించనక్కర్లేదు. తర్వాత కప్పు విప్పాక ఇంత, పిల్లర్లు లేచాక ఇంత, స్లాబు పడ్డాక ఇంత అని మెట్లుగా పెట్టుకోండి. శనివారం బటవాడాకు మేస్త్రీ అడిగే డబ్బు కూడా ఈ లెక్కలోనే పోవాలి. ఇచ్చిన ప్రతిసారీ సంతకం తీసుకోండి. 5,000 రూపాయలు దాటిన రసీదుకు రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. చివరి పదోవంతు ఒక వాన చూసేదాకా ఉంచుకుంటామని ముందే చెప్పండి. ముందే చెబితే అది షరతు. పని అయ్యాక చెబితే మేస్త్రీ కళ్ళకు అది మోసమే.

ఈ మాట ఎందుకంటున్నానంటే, తగాదాల్లో తప్పంతా మేస్త్రీలదే అని నేను అనను. పని చక్కగా జరిగాక ఏదో వంక పెట్టి ఆఖరి డబ్బు ఎగ్గొట్టిన ఇంటి యజమానులను చాలామందిని చూశాను. మేస్త్రీ తన మనుషులకు తన జేబులోంచి కూలి ఇచ్చుకుని తిరుగుతుంటాడు. తలుపు తీయరు. అందుకే కొందరు మేస్త్రీలు మొదట్లోనే ఎక్కువ లాగేస్తారు.

మిగతా పేజీలన్నీ కొలతలవి. మూసేసే ప్రతి పనినీ ఇద్దరూ కలిసి కొలిచి, తారీఖు వేసి, ఇద్దరూ సంతకం పెట్టండి. సెల్‌ఫోను ఉంది కదా, టేపు గుంతలో పెట్టి ఫొటో తీయండి. మేస్త్రీకి చదువు రాకపోతే చదివి వినిపించి, అతని మనుషుల్లో చదువు వచ్చినవాడి చేత సాక్షి సంతకం పెట్టించండి.

పాత పేటల్లో ఉమ్మడి గోడలుంటాయి. మీ దూలం తీస్తే పక్కింటివాళ్ళ గోడలో బీట కనపడుతుంది. అది నిన్నటిదో, పదేళ్ళనాటిదో ఎవరు చెప్పాలి? కప్పు ముట్టుకోకముందే పక్కింటివారిని పిలిచి చూపించి, ఉన్న బీటలకు ఫొటోలు తీసుకోండి. మునిసిపాలిటీ అనుమతి సంగతి కూడా అప్పుడే చూసుకోండి.

పని పెద్దదైతే స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకోవడం మంచిది. ఇల్లున్న ఊళ్ళోనే కూర్చుని, ఆ రాష్ట్రపు స్టాంపు కాగితం మీదే సంతకాలు పెట్టండి. తెలుగులో రాసుకోవచ్చు. కర్ణాటకలోనో, ఒడిశాలోనో కోర్టుకు వెళ్ళవలసివస్తే తర్జుమా జతచేయాలి, అంతే.

ఇంత చేసినా తగాదా వస్తే? ఇల్లు కట్టడం కూడా సేవే అని 1993 సవరణతో వినియోగదారుల చట్టంలో చేర్చారు. 2019 నాటి కొత్త చట్టం సరిహద్దు వాళ్ళకు ఒక మేలు చేసింది. మేస్త్రీ అవతలి రాష్ట్రంవాడైనా, మీరు నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. రెండేళ్ళలోగా వెళ్ళాలి. 1915 నంబరుకు ఫోను చేసి ముందు సలహా అడగవచ్చు. మేస్త్రీకి ఆ దారి లేదు, తన కూలికి అతను సివిల్ కోర్టుకు పోవాలి. దానికి మూడేళ్ళ గడువు. ఇద్దరికీ పనికొచ్చేది లోక్ అదాలత్. కోర్టులో కేసు వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వవచ్చు. అక్కడ రాజీ కుదిరితే దాని మీద అప్పీలు లేదు. ఏ తలుపు తట్టినా మొదట అడిగేది మాత్రం కాగితమే.

మా తగాదా అంత దూరం పోలేదు. మా ఇంటావిడ పొరుగూరి నుంచి ఆమెకు అన్న వరసయ్యే పెద్దమనిషిని పిలిపించింది. ఆయన కమ్మీల కొట్టు బిల్లులు తెమ్మన్నారు. పిల్లర్ల కమ్మీ ఎన్ని కిలోలు కొన్నామో అందులో ఉంది. పన్నెండు మిల్లీమీటర్ల కమ్మీ మీటరుకు 0.89 కిలో తూగుతుంది. ఆ లెక్కన పొడవు తీసి, మిగిలిన ముక్కలు పోగా, నేల కింద ఎంత కమ్మీ దిగిందో రాబట్టారు. రెండు గుంతలు అయిదడుగులే, నాలుగు మాత్రం నాలుగున్నర దాటలేదు. ఇద్దరం సగం సగం తప్పు. 46,000కు తెగింది. తడిసిన గోడ గిలాబా మేస్త్రీ ఉచితంగా మళ్ళీ చేశాడు, సిమెంటు నేనిచ్చాను.

రెండేళ్ళ తర్వాత పెరట్లో వంటగది కట్టడానికి మళ్ళీ ఆయన్నే పిలిచాను. ముగ్గు పోసి, మొదటి గడ్డపార వేసేముందు చెయ్యి ఆపి, “సార్, బుక్కు తెచ్చారా?” అన్నాడు.