కారు ఎందుకు గలగలమంది?



కుట్టుమిషను నాలుగు రోజులు వాడకపోతే ఏం చేస్తాం? రెండు చుక్కల నూనె వేస్తాం. నూతి గిలక కీచుమంటే కందెన రాస్తాం. ఇనుముతో ఇనుము రాసుకుంటే అరిగిపోతుంది. ఈ సంగతి మనకు ఒకరు చెప్పక్కర్లేదు. కారు ఇంజను సంగతి కూడా అంతే. ఈ రోజు దాని గురించి చెప్పుకుందాం.

ఎలమంచిలిలో ఒక ఇల్లాలు ఉంది. ఆమె భర్త కారు అద్దెకు తిప్పుతాడు. పెళ్ళిళ్ళకు, తునికి, విశాఖపట్నం ఆసుపత్రులకు బేరాలు వస్తాయి. 2022లో అనకాపల్లి జిల్లా ఏర్పడింది. అప్పటినుంచి కలెక్టరాఫీసు పనులకు అనకాపల్లి వెళ్ళేవాళ్ళు కూడా పిలుస్తున్నారు. కారును బ్యాంకు అప్పు మీద కొన్నారు. అప్పు కాగితాల మీద ఆమె కూడా సంతకం పెట్టింది. వేలిముద్ర కాదు, సంతకం! నెల తిరిగేసరికి కిస్తీ కట్టాలి. కారు ఆగితే కిస్తీ ఆగుతుంది.

కొన్నాళ్ళుగా పొద్దున్నే స్టార్టు చేస్తే ఇంజను గలగలమంటోంది. రేకుడబ్బాలో మేకులు పోసి ఊపినట్టు చప్పుడు. నాలుగైదు సెకన్లు ఉంటుంది. తర్వాత మామూలే.

"ఏటండీ ఆ సప్పుడు?" అని ఆమె అడిగింది.

"బండన్నాక సప్పుడు సెయ్యదేటి? ఏడెక్కితే అదే పోద్ది" అన్నాడు భర్త.

పక్కింటాయన ఇంకో మాట అన్నాడు. "ఇంజను పోయింది. వచ్చిన రేటుకి అమ్మీండి" అన్నాడు.

చూడకుండానే అమ్మేస్తామా? ఆమెకు నచ్చలేదు. మర్నాడు భర్తతో కలిసి మెకానిక్కు దగ్గరకు వెళ్ళింది.

మెకానిక్కు వెంటనే ఇంజను విప్పలేదు. ముందు ప్రశ్నలు అడిగాడు. జ్వరం ఎప్పుడొస్తోంది అని డాక్టరు అడగడూ? అలాగే. చప్పుడు పొద్దున్నే వస్తోందా, రోజంతా వస్తోందా? ఎంతసేపు ఉంటోంది? ఆయిలు ఎప్పుడు మార్చారు?

ఆఖరి ప్రశ్నకు భర్త తల గోక్కున్నాడు. ఎక్కడా రాసుకోలేదు.

మెకానిక్కు ఇంజనులోంచి ఒక సన్నని పుల్ల తీశాడు. అది ఆయిలు కొలిచే పుల్ల. గుడ్డతో తుడిచి, మళ్ళీ లోపలికి పెట్టి తీశాడు. పుల్ల మీద రెండు గీతలు ఉంటాయి. ఆయిలు ఆ రెండింటి మధ్య ఉండాలి. ఈ కారులో కింది గీతకు కూడా అందలేదు. పుల్ల కొసన నల్లగా అంటుకుంది, అంతే.

గలగల ఎందుకు వస్తుంది? రాత్రి బండి ఆగి ఉంటుంది. పైన ఉన్న ఆయిలు కిందికి దిగిపోతుంది. పొద్దున్నే స్టార్టు చేస్తే, పంపు దాన్ని మళ్ళీ పైకి తోడాలి. అది అందేదాకా లోపలి భాగాలు పొడిగా తిరుగుతాయి. చాలా ఇంజన్లలో సైకిలు చైను లాంటి చైను ఉంటుంది. దాన్ని బిగువుగా పట్టి ఉంచే భాగం ఒకటి ఉంటుంది. ఆయిలు నెట్టితేనే అది చైనును గట్టిగా పడుతుంది. ఆయిలు అందకపోతే చైను వదులవుతుంది. సైకిలు చైను వదులైతే రేకుకు కొట్టుకోదూ? ఇదీ అంతే.

ఫిల్టరు కూడా చూడాలి. చాలా ఫిల్టర్లలో చిన్న రబ్బరు మూత ఉంటుంది. ఆయిలు కిందికి దిగకుండా ఆపడం దాని పని. ఫిల్టరు నాసిరకందైతే, పాతదైతే, ఆ మూత పట్టదు.

భర్త ఆయిలు డబ్బా కొని తెచ్చాడు. ఆమె డబ్బా మీది అంకెలు చదివింది. 20 డబ్ల్యూ 50 అని ఉంది. కారుతో ఇచ్చిన పుస్తకం తీసి చూసింది. అందులో 5 డబ్ల్యూ 30 అని ఉంది.

"ఈ అంకెలు వేరండీ. మార్చి తెండి" అంది.

ఆ అంకెలకు అర్థం ఉంది. డబ్ల్యూ అంటే వింటర్, అంటే చలికాలం. దాని ముందు అంకె ఎంత తక్కువైతే, చల్లగా ఉన్నప్పుడు ఆయిలు అంత తొందరగా పారుతుంది. వెనక అంకె ఇంజను వేడెక్కాక చిక్కదనం చెబుతుంది. పొద్దున్నే పైకి తొందరగా ఎక్కాల్సిన ఆయిలు చిక్కగా ఉంటే ఎలా?

సరైన ఆయిలు పోశారు. మంచి ఫిల్టరు వేశారు. మర్నాడు చప్పుడు బాగా తగ్గింది. కానీ పూర్తిగా పోలేదు. అప్పుడు మెకానిక్కు పక్క మూత విప్పాడు. చైను సాగింది. దాన్ని పట్టే భాగం అరిగింది. రెండూ మార్చాల్సి వచ్చింది. ఆయిలు ఖర్చుతో పోవాల్సింది కాదా? అవును. మొదట్లోనే చూసి ఉంటే బహుశా అంతటితో పోయేది. చూడకుండా ఇంకొన్నాళ్ళు తిప్పితే? చైను పళ్ళు దాటుతుంది. లోపలి వాల్వులు వంగిపోవచ్చు. అప్పుడు నిజంగానే ఇంజను పోతుంది.

అక్కలారా, ఈ మాటలు గుర్తుంచుకోండి.

బండిని చదునైన చోట నిలపండి. ఇంజను ఆపి పది నిమిషాలు ఆగి, అప్పుడు ఆయిలు చూడండి. పై గీత దాటి పోయకండి. ఎక్కువైనా చెరుపే.

స్టార్టు చేయగానే గట్టిగా రేసు ఇవ్వకండి. ఆయిలు పైకి అందనివ్వండి.

ఎర్రటి ఆయిలు దీపం వెలిగి ఆరకపోతే ఇంజను వెంటనే ఆపండి. "ఇంటిదాకా పోదాం" అనుకోవద్దు.

బరువు లాగేటప్పుడు ధన్‌ధన్‌మని మోత వస్తే అది వేరే జబ్బు. అప్పుడు బండి నడపకండి.

బండి కింద రేకు వదులైనా గలగలమంటుంది. అది చిన్న పని. అందుకే ముందు వినాలి, తర్వాత విప్పాలి.

కొన్ని బండ్లలో చైను బదులు రబ్బరు బెల్టు ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో పుస్తకంలో రాసి ఉంటుంది. చదివి చూడండి.

ఇప్పుడు ఆ కారులో ఒక చిన్న నోటు పుస్తకం ఉంది. తేదీ, కిలోమీటర్లు, ఏ ఆయిలు, ఏ ఫిల్టరు అన్నీ అందులో ఉన్నాయి. రాసేది ఆ ఇల్లాలే. మొదటి పేజీలో అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. అయితేనేం? మెకానిక్కు అడిగితే ఆ పేజీ తీసి చూపిస్తోంది. భర్త ఇప్పుడు తల గోక్కోవడం లేదు.

మీ ఇంట్లో కారు ఉందా? ఆటో ఉందా? రేపు పొద్దున్నే స్టార్టు చేసేటప్పుడు దగ్గర నిలబడండి. ఒక్క నిమిషం చెవి పెట్టి వినండి. విన్నది రాసిపెట్టండి.